మీకు తెలుసా? బిడ్డకు జరిగిన అన్యాయం తెలిసీ చెప్పకపోవడమూ నేరమే

● పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఇది టీచర్లకో డాక్టర్లకో పరిమితమైన బాధ్యత కాదు. కన్నతల్లి, ఇంటి ఓనరు, ట్యూషన్ మాస్టారు, స్కూలు ఆటో నడిపే అతను, అందరూ దీని కిందికి వస్తారు. ఈ చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే అమల్లోకి వచ్చింది.

● రుజువులు వెతకడం మన పని కాదు. “కళ్లారా చూడలేదు కదా, ఊరికే ఒకరిమీద నింద వేసినట్టవుతుందేమో” అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానిజాలు తేల్చేది దర్యాప్తు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ చెల్లదని ఆ సెక్షనే రక్షణ ఇస్తోంది. కక్షతో కావాలని అబద్ధం చెబితే మాత్రం 22వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. అదీ పెద్దలకే, పిల్లలకు కాదు.

● నేరం చేసినవాడు మేనమామో బాబాయో అయితే “పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం” అనే మాట వస్తుంది. పరువు పేరిట ఏ మినహాయింపూ చట్టంలో లేదు. పంచాయితీ పెట్టి, డబ్బు ఇప్పించి, విషయం అక్కడితో సర్దేసిన పెద్దమనుషులు కూడా 21వ సెక్షన్ కింద శిక్షార్హులే. ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. ఫిర్యాదు నమోదు చేయని పోలీసుకూ ఇదే సెక్షన్ వర్తిస్తుంది.

● మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో హాస్టల్లో ఉండే గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయి. వారికి వైద్యం చేసిన డాక్టరు తెలిసీ చెప్పలేదన్న ఆరోపణపై పెట్టిన కేసును హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టం చేసింది.

● “ముందు పోలీసు కాగితం తెండి” అని ఏ ఆస్పత్రీ బిడ్డకు అత్యవసర వైద్యం ఆపకూడదు.

● బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకూ పోలీసులు సమాచారం ఇవ్వాలి.

● అమెరికాలో ఇలా చెప్పి తీరాలనే చట్టాలకు ఊపు తెచ్చింది 1962లో డాక్టర్ హెన్రీ కెంప్ బృందం దెబ్బలు తిన్న పిల్లల గురించి రాసిన వ్యాసం. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో అనుమానం వచ్చిన ఎవరైనా సరే చెప్పి తీరాలి. అక్కడ లైంగిక నేరమే కానక్కర్లేదు, హింస, నిర్లక్ష్యం కూడా లెక్కలోకి వస్తాయి.

● మన దగ్గర పోక్సో లైంగిక నేరాలకే వర్తిస్తుంది. బిడ్డను వాతలు తేలేలా కొట్టినా, తిండి పెట్టకుండా గదిలో బంధించినా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద సంరక్షకులను శిక్షించవచ్చు. కానీ చూసిన ప్రతివారూ చెప్పి తీరాలన్న నిబంధన ఆ సెక్షన్‌లో లేదు. ఇది పూడ్చాల్సిన లోటు.

చట్టం బలవంతం చేయకపోయినా, పక్కింటి పసివాడి ఏడుపు మామూలుగా అనిపించకపోతే 1098కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పగలైనా పలుకుతారు.