క్రిప్టో నిధులకు ఆటోమేటెడ్ ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్

విమానాశ్రయంలో డబ్బు మార్చే కౌంటరును మీరు చూసే ఉంటారు. బోర్డు మీద డాలరుకు రెండు ధరలుంటాయి. కొనే ధర తక్కువ, అమ్మే ధర ఎక్కువ. ఆ తేడాయే వ్యాపారి ఆదాయం. ఎవరు ఎప్పుడు వచ్చినా కొనడానికీ, అమ్మడానికీ వీలు ఉండటాన్నే లిక్విడిటీ అంటారు. ఆ వీలు కల్పించేవారు లిక్విడిటీ ప్రొవైడర్లు.

క్రిప్టో ఎక్స్ఛేంజీలలో ఈ పనిని సాఫ్ట్‌వేర్ చేయగలదు. అది ఆర్డర్ బుక్ చదువుతుంది, రెండువైపులా ఆర్డర్లు పెడుతుంది, ధర కదిలితే వాటిని రద్దుచేసి కొత్తవి పెడుతుంది. 2019లో వెలువడిన హమ్మింగ్‌బాట్ ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. 2018 నవంబరులో ఇథీరియం మీద మొదలైన యూనిస్వాప్ పద్ధతి వేరు. అక్కడ ఆర్డర్ బుక్ లేదు, ఉమ్మడి నిధి ఉంది. ఎవరైనా అందులో రెండు రకాల నాణేలు జమచేసి, జరిగే మార్పిడులపై రుసుములో వాటా పొందవచ్చు. ఆ రెండు నాణేల పరిమాణాల లబ్ధం స్థిరంగా ఉండాలన్నది నియమం.

ఒక ఉదాహరణ చూద్దాం. నిధిలో 10 ఈథర్లు, 20,000 డాలర్ నాణేలు ఉన్నాయి. లబ్ధం 2,00,000. ఈథర్ ధర 2,000 డాలర్లు. ఆ ధర 8,000కు పెరిగిందనుకుందాం. చౌకగా దొరుకుతున్నంతసేపు ఇతరులు నిధి నుంచి ఈథర్ కొంటూనే ఉంటారు. చివరకు 5 ఈథర్లు, 40,000 డాలర్ నాణేలు మిగులుతాయి. వాటి మొత్తం విలువ 80,000. నిధిలో వేయకుండా దాచుకుని ఉంటే 1,00,000 ఉండేది. అంటే 20 శాతం తక్కువ. రుసుము ఆదాయం ఈ లోటును పూడ్చకపోతే జమచేసినవారికి మిగిలేది నష్టమే.

కాబట్టి పాత సాఫ్ట్‌వేర్‌ను నిధులకు విస్తరించాలంటే నాలుగు మార్పులు అవసరం.

మొదటిది, అనుసంధానం. ఎక్స్ఛేంజీకి ఏపీఐ తాళం చాలు. ఇక్కడ ప్రతి లావాదేవీ మీద వాలెట్ రహస్య తాళంతో సంతకం చేయాలి. హమ్మింగ్‌బాట్ ఇందుకోసం గేట్‌వే అనే విడి ప్రోగ్రామును వాడుతుంది. దానివల్ల వ్యాపార వ్యూహం రాసిన భాగంలో బ్లాక్‌చెయిన్ వివరాలు కలవవు.

రెండోది, ఖర్చు. ఎక్స్ఛేంజీలో ఆర్డరు రద్దుకు సాధారణంగా రుసుము ఉండదు. ఇథీరియంలో ప్రతి మార్పుకూ గ్యాస్ రుసుము కట్టాలి. లావాదేవీ విఫలమైనా అది తిరిగి రాదు. కనుక క్షణక్షణం మార్చే అలవాటును సాఫ్ట్‌వేర్ మానుకోవాలి.

మూడోది, ధరల పరిధి. 2021 మేలో వచ్చిన యూనిస్వాప్ మూడో రూపంలో సొమ్మును ఎంచుకున్న ధరల మధ్యనే ఉంచవచ్చు. ధర ఆ హద్దు దాటితే రుసుము ఆదాయం ఆగిపోతుంది. అప్పుడు సొమ్మును కొత్త పరిధికి మార్చాలా, వేచి ఉండాలా? గ్యాస్ ఖర్చును, రాబోయే రుసుమును పోల్చి నిర్ణయించాలి.

నాలుగోది, పద్దు. వచ్చిన రుసుము, గ్యాస్, దాచుకున్న దానితో పోలిస్తే ఏర్పడ్డ లోటు వేర్వేరుగా రాయాలి. రుసుము ఒక్కటే చూపే పద్దు మోసపుచ్చుతుంది. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒక దాని నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకునే వీలు లేదు. అందుచేత ప్రతి లావాదేవీకీ తేదీ, విలువ భద్రపరచాలి.

ఒక హెచ్చరిక. రహస్య తాళం పరుల చేతికి చిక్కితే, పోయిన సొమ్మును వెనక్కి రప్పించే బ్యాంకు ఏదీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు కొద్దిపాటి సొమ్ముతో విడి వాలెట్ ఇవ్వండి. ముందుగా టెస్ట్ నెట్‌వర్క్‌లో నడిపి చూడండి.

అభ్యాసం: పై ఉదాహరణలో ఈథర్ ధర పెరగకుండా 500 డాలర్లకు పడిపోతే లోటు ఎంత శాతమో లెక్క కట్టండి. పెరిగినప్పటి సమాధానంతో పోల్చి, కారణం ఆలోచించండి.