జంకు పోగొట్టే మాత్ర

నలుగురిలో మాట్లాడాలంటే జంకు, పరీక్ష తప్పుతుందేమోనన్న బెంగ, రాత్రి నిద్ర పట్టకపోవడం – ఇవి యువతీయువకులలో చాలామందికి ఉండేవే. తనపై తనకు నమ్మకం లేనివాడు ధైర్యాన్ని బయట వెదకుతాడు. మిత్రుడిచ్చిన ఆల్ప్రజోలం మాత్ర ఆ రాత్రికి భయాన్ని అణచుతుంది. భయానికి కారణం మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని వారాలకే శరీరం దానికి అలవాటుపడి, ఒకటి చాలక రెండు కోరుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే మత్తుమందులలో ఇదీ ఒకటి. పాపం, త్రాగేవారికి తాము దేనికి బానిసలయ్యారో కూడా తెలియదు!

ఇంటివారు కోపంతో ఒక్కసారిగా మాన్పించడం ఇంకా ప్రమాదకరం. చేతుల వణకు, మతిభ్రమణం, మూర్ఛలు కలుగుతాయి; ప్రాణాపాయమూ సంభవించవచ్చు. అలవాటైన అహితాన్ని కొద్దికొద్దిగా, పాలుపాలుగా విడువవలెనని చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయంలో చెప్పబడింది. ఎంత తగ్గించాలో, ఎన్నాళ్లకు తగ్గించాలో వైద్యుడే నిర్ణయించాలి. అశ్వగంధ చూర్ణం పాలతో ఇస్తే సరిపోతుందని భావించరాదు; మత్తుమాత్రలతో కలిస్తే అది మగతను పెంచవచ్చు. 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

మాత్ర తగ్గేకొద్దీ పాత జంకు మరల తలెత్తుతుంది. ఆ రాత్రులలో గోరువెచ్చని నువ్వులనూనెతో పాదాలు మర్దిస్తూ, నిందించక, అతడు చెప్పేది వినేవారొకరు ఇంట్లో ఉండాలి.