ఫోనులో వచ్చిన వైద్యము



నేను పిడుగురాళ్ల వాడను. మా సున్నపు బట్టీలను, మిరప కల్లములను మీరెఱుగుదురు. నేడు చెప్పబోవు సంగతి వానిని గూర్చినది కాదు. కరోనా కాలమున మన చేతి ఫోనులు కాన్సరు వ్యాధిని గూర్చి మనకు చేసిన బోధ యెట్టిదో చెప్పవలెనని వచ్చితిని. అందు నా తప్పును గలదు. ముందుగా దానినే చెప్పుకొందును.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమెల్లెడల లాక్‌డౌను విధింపబడెను. అప్పటికి మా బావగారికి ఎడమ బుగ్గ లోపల పుండు లేచి నెల దాటినది. పుగాకు నమలుట ఆయనకు చిన్ననాటి యలవాటు. నిమ్మకాయ ముక్కలు వేడినీట వేసి పరగడుపున త్రాగినచో కాన్సరు నశించునని నాకు వాట్సాపున నొక సందేశము వచ్చెను. పోయెడిదేమున్నదని బావగారికి పంపితిని. ఆసుపత్రికి పోయినచో కరోనా అంటుకొనునన్న మఱియొక దానినిగూడ పంపితిని. ఆయన రెండును నమ్మెను. నమ్మినది వాట్సాపును గాదు, నన్ను. దసరా దాటి గుంటూరు పోవునప్పటికి మెడలో గడ్డ తేలినది. దవడ యెముకలో కొంత తీసివేసిరి, రేడియేషను నిచ్చిరి. బావగారు బ్రదికియున్నారు గాని మాట స్పష్టముగా రాదు.

నిమ్మకాయ చెడ్డదని నేననను. గాజుపాత్రలో నుంచిన కాన్సరు కణములను చంపు పదార్థములు పెక్కు గలవు. ఉప్పునీరు చిక్కగానున్న నదియు చంపును. కడుపులోనికి పోయి, జీర్ణమై, రక్తమున గలిసి, పుండున్న చోటికి జేరి, మంచి కణములను విడిచి చెడ్డవానినే చంపుట వేఱు మాట. నోటి కాన్సరు చిన్నదిగా నున్నప్పుడు తఱచుగా కోసి తీసివేయుటతో సరిపోవును. మెడ గ్రంథులకు పాకిన పిమ్మట చికిత్స పెరుగును, ఆశ తఱుగును. నిమ్మనీరు బావగారికి చేసిన హాని యది యొక్కటే: ఆఱు మాసములు హరించెను.

ముక్క తీసి పరీక్షించినచో వ్యాధి పాకునని మన పల్లెలలో నొక భయము గలదు. అది నిజము గాదు. ఆ పరీక్ష లేక వ్యాధి నిర్ణయమే కాదు.

పెద్ద పేరు చూచి నమ్ముదమా యన్న, అదియు చాలదు. వేడి కొబ్బరినీరు కాన్సరును మాన్పునని బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి అధిపతి డాక్టరు రాజేంద్ర బడ్వే గారి పేరిట 2019లో నొక సందేశము వ్యాపించెను. ఆయన చెప్పలేదని ఆ సంస్థవారే ప్రకటించిరి. ఖండన నడచుచుండగా, అబద్ధము పరుగెత్తెను. 2020 ఏప్రిలులో వాట్సాపువారు, పలుమాఱులు చేతులు మారిన సందేశమును ఒక పర్యాయమునకు ఒక్కరికే పంపునట్లు కట్టడి చేసిరి. ఒక్కరికైన పంపవచ్చును గదా! నేను పంపినదియు ఒక్కరికే.

ఆ 2020 మార్చి మొదలు మే వఱకు మన దేశమందలి 41 కాన్సరు కేంద్రములకు క్రొత్తగా వచ్చిన రోగులు ముందటి యేటికంటె నూటికి 54 వంతులు తగ్గిరని లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో 2021లో ప్రకటింపబడినది. వ్యాధి తగ్గలేదు, వచ్చువారు తగ్గిరి. బస్సులు లేకపోవుట మాట నిజమే. కాని బండి దొరకిన వారును కొందఱు భయముచే కదలలేదు. మా యింటి సంగతి యిదియే.

ఫోనును దూషించుట నా యుద్దేశము గాదు. లాక్‌డౌను మొదలైన యా మార్చి 25వ తేదీననే, వైద్యులు ఫోను ద్వారా రోగులకు సలహా చెప్పు విధానమునకు కేంద్ర ప్రభుత్వము నియమములు వెలువరించెను. నేను నిమ్మకాయ మాట పంపిన వ్రేలితోనే వైద్యునకు పుండు ఫోటో పంపియుండవచ్చును. మూడు వారములైనను మానని నోటిపుండు, నాలుకపై తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, రొమ్మున గడ్డ, మ్రింగుట కష్టమగుట: ఇవి కనబడిన వైద్యునకు చూపుడని పంపినచో నది పంపదగిన మాట.

మొన్న సంక్రాంతికి ఆ నిమ్మకాయ సందేశము మరల వచ్చెను. పంపినవారు నాకంటె పెద్దవారు, వరుసకు పెదనాన్నగారు. పదిమంది చూచుచోట ఖండించుటకు మనసొప్పక, విడిగా ఫోను చేసి బావగారి సంగతి చెప్పితిని. కొంత తడవు మాటలాడలేదు. పిమ్మట, "మా పక్కింటివాడికి నాలుక మీద తెల్లమచ్చ ఉందిరా అబ్బాయ్, వాడికే పంపించాను. ఉండు, వాడు ఇంట్లో ఉన్నాడేమో చూసొస్తా" అనిరి.