హోర్స్ట్ టాపర్ట్: రంగస్థలం నుంచి టెలివిజన్‌కు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• రంగస్థల నటనకు, టెలివిజన్ నటనకు గల తేడాలను చెప్పగలుగుతారు.
• నటుడు వేరు, పాత్ర వేరు అని ఉదాహరణతో వివరించగలుగుతారు.

1. పరిచయం

టీవీలో మంచివాడి పాత్ర వేసిన నటుణ్ణి చూసి, "ఈయన నిజజీవితంలో కూడా ఇలాగే ఉంటాడు" అని మీరు ఎప్పుడైనా అనుకున్నారా? మనలో చాలామందిమి అనుకుంటాం. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో జర్మన్ నటుడు హోర్స్ట్ టాపర్ట్ జీవితం ద్వారా పరిశీలిద్దాం.

2. నాటకశాలలో నేర్చిన పని

టాపర్ట్ 1923 మే 26న ఎల్బర్‌ఫెల్డ్‌లో జన్మించారు. ఆ ఊరు నేడు వుప్పర్టాల్ నగరంలో భాగం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన స్టెండాల్ పట్టణంలోని నాటకశాలలో లెక్కలు రాసే పనికి వెళ్ళారు. అక్కడే నటన మీద ఆసక్తి కలిగింది. పాఠాలు నేర్చుకుని వేదిక ఎక్కారు.

జర్మనీలో చాలా పట్టణాలకు సొంత నాటకశాలలు ఉన్నాయి. అవి నటులను జీతానికి పెట్టుకుంటాయి. ఒకే నటుడు ఒక రోజు రాజుగా, మరో రోజు సేవకుడిగా కనిపించవచ్చు. టాపర్ట్ కూడా ఇలా ఊరూరా పనిచేసి, 1956లో మ్యూనిక్‌లోని పేరున్న కామర్‌స్పీలె నాటకశాలకు చేరారు.

3. కెమెరా ముందు

నాటకంలో చివరి వరుస ప్రేక్షకుడికి కూడా మాట వినపడాలి. అందుకే గొంతు, చేతులు పెద్దగా పనిచేస్తాయి. కెమెరా దగ్గరకు వస్తుంది కాబట్టి టెలివిజన్‌లో ఒక్క చూపు చాలు. 1966లో ఇంగ్లండ్ రైలు దోపిడీ కథతో వచ్చిన మూడు భాగాల టీవీ చిత్రం టాపర్ట్‌కు పేరు తెచ్చింది.

1974లో జెడ్.డి.ఎఫ్. సంస్థ 'డెరిక్' ధారావాహికను ప్రారంభించింది. అందులో ఆయన మ్యూనిక్ పోలీసు అధికారి. కేకలు వేయడు, నిదానంగా ప్రశ్నలు అడుగుతాడు, ఓపికగా వింటాడు. 1998 వరకు 281 భాగాలు వచ్చాయి. వందకు పైగా దేశాల్లో ప్రసారమయ్యాయి. న్యాయంగా నడుచుకునే జర్మన్ మనిషికి డెరిక్ గుర్తుగా నిలిచాడు.

4. బయటపడిన గతం

టాపర్ట్ 2008లో మరణించారు. 2013లో పాత దస్తావేజుల ద్వారా ఒక సంగతి తెలిసింది. యుద్ధకాలంలో ఆయన నాజీల సాయుధ దళమైన వాఫెన్ ఎస్.ఎస్.లో ఉన్నారు. ఆ దళం ఘోరమైన నేరాలకు పాల్పడింది. ఆయన బతికి ఉన్నంతకాలం ఈ విషయాన్ని ప్రజలకు చెప్పలేదు. దీంతో 'డెరిక్'ను పునఃప్రసారం చేయబోమని జెడ్.డి.ఎఫ్. 2013లో ప్రకటించింది.

ఇక్కడ ఆలోచించండి. తెర మీద ఇతరుల చేత నిజం చెప్పించిన మనిషి, తన నిజం చెప్పలేదు. అంతమాత్రాన ఆయన నటనలోని నేర్పు అబద్ధం కాదు. ఆ నేర్పు ఆయన గతాన్ని కడిగివేయనూ లేదు. రెండింటినీ విడివిడిగా తూచడం మనం నేర్చుకోవాలి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. టాపర్ట్ నాటకశాలలో మొదట ఏ పనికి చేరారు?
2. టెలివిజన్‌లో చిన్న చూపు కూడా ఎందుకు సరిపోతుంది?
3. మీకు నచ్చిన ఒక నటుణ్ణి తలచుకోండి. మీరు అభిమానించేది ఆయననా, ఆయన వేసిన పాత్రనా? ఐదు వాక్యాల్లో రాయండి.