గ్రుడ్డునకు బదులు

వంటయింట గ్రుడ్డు లేనపుడు దానికి బదులేమి వేయవలెనని యడుగువారు పలువురు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ప్రత్యుత్తరము లేదు. ఆ వంటకములో గ్రుడ్డు ఏ పని చేయుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. పిమ్మట నా పనికి తగిన వస్తువును వెదకవలెను. గ్రుడ్డు తినని యిండ్లు మన దేశమున ననేకములు గలవు. గ్రుడ్డు సరిపడని పిల్లలును గలరు. కావున నిది పొదుపు కొఱకు మాత్రమే నేర్వదగిన విషయము కాదు.

పెంకు తీసిన కోడిగ్రుడ్డు సుమారు 50 గ్రాములు తూగును. అందు ముప్పాతిక వంతు నీరే. మిగిలినదానిలో ముఖ్యమైనవి మాంసకృత్తులు, క్రొవ్వు. వేడి తగిలినపుడు ఈ మాంసకృత్తులు గట్టిపడి, చుట్టునున్న పదార్థమును పట్టి యుంచును. గిలకొట్టినపుడు తెల్లసొన గాలిని బుడగలుగా నిలుపును. పచ్చసొనలోని లెసిథిన్ అను పదార్థము నూనెయు నీరును విడిపోకుండ జేయును. ఈ మూడు పనులను గ్రుడ్డంత చక్కగా నొక్కటియే చేయగల వస్తువు మన వంటయిండ్లలో లేదు.

కట్లెట్లలో గ్రుడ్డు చేయునది పట్టి యుంచు పనియే. ఉడికించి మెదిపిన బంగాళాదుంప, కొంచెము శెనగపిండి దానిని నెరవేర్చును. పైన రొట్టెపొడి యంటుటకు మైదాపిండిని నీటిలో జారుగా కలిపి ముంచిన చాలును. బిస్కత్తులకు అవిసెగింజల పొడి మేలు. ఒక పెద్ద చెంచాడు పొడిని మూడు పెద్ద చెంచాల నీటిలో పది నిమిషములు నాననిచ్చిన, తెల్లసొనవలె జిగురుగా నగును. అది యొక గ్రుడ్డునకు సరి.

కేకు పొంగుట వేఱు సంగతి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో ఈ చిక్కు ఇంటింటను కలిగెను. 1941లో గ్రుడ్లకు రేషను పెట్టిరి. మనిషికి వారమున కొక్కటి, అదియు దొరికినపుడు. 1942 నుండి అమెరికా గ్రుడ్ల పొడి వచ్చెను. 12 గ్రుడ్లకు సరియగు పొడి యొక పొట్లము. అదియు చాలనపుడు గృహిణులు వంటసోడాను వినిగరుతో కలిపి కేకులు చేసిరి. సోడా పులుపుతో కలిసినపుడు బొగ్గుపులుసుగాలి పుట్టి పిండిని లేపును. మనకు వినిగరుకంటె పుల్లని పెరుగు మేలు. ఏలయన నది తడిని, కొంత క్రొవ్వును గూడ నిచ్చును. ఒక గ్రుడ్డునకు పావు కప్పు పెరుగు, చిటికెడు సోడా చాలును. సోడా హెచ్చయినచో సబ్బు రుచి వచ్చును. కలిపిన వెంటనే ఓవెనులో పెట్టవలెను. ఆలసించిన గాలి పోవును. మాగిన అరటిపండును మెదిపి వేయువారును గలరు. కేకు మెత్తగానే వచ్చును గాని అరటిపండు వాసన దాగదు.

గాలిని నిలుపు విద్య మన యవ్వలకు క్రొత్త గాదు. గారెల పిండి రుబ్బిన పిమ్మట చిన్న ముద్దను నీటిలో వేసి, తేలినదో లేదో చూచెడి అలవాటు మనయందు కలదు. తేలినచో పిండిలో గాలి నిలిచినదని యర్థము. 2014లో ఫ్రాన్సుదేశపు జోయెల్ రోసెల్ చూపినదియు నించుమించు ఇట్టిదే. శెనగలవంటి కాయధాన్యములు ఉడికిన నీటిని గిలకొట్టిన, తెల్లసొనవలె నురుగు కట్టును. కాబూలీ శెనగల నీరు, ఉప్పు వేయనిది, చిక్కగా నున్నది మూడు పెద్ద చెంచాలు ఒక గ్రుడ్డునకు సరిపోవును. పారబోయు నీరింత పనికి వచ్చుట వింతయే!

ఇతర వస్తువులకును ఈ పద్ధతియే. వెన్నలో నూటికి 80 వంతులు క్రొవ్వు. కావున 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నూనె చాలును. చింతపండునకు బదులు నిమ్మరసమైనచో పొయ్యి దించిన పిమ్మటనే పిండవలెను.

గ్రుడ్డే ప్రధానమైన వంటకమునకు బదులు వెదకుట వృథా. శెనగపిండి అట్టు మంచి ఫలహారమే, దానిని ఆమ్లెట్టనుట పేరునకు మాత్రమే.

గ్రుడ్డు సరిపడని పిల్లలకు దద్దురులు, వాంతులు కలుగవచ్చును; కొందఱికి ఊపిరాడక ప్రాణాపాయము గూడ కలుగును. అంగళ్లలో గ్రుడ్డునకు బదులని యమ్మెడి ద్రవములలో కొన్ని తెల్లసొనతోనే చేసినవి. అవి పచ్చసొన వలదనువారి కొఱకు. కావున నిట్టి పిల్లలున్న యింట పేరును నమ్మక, దినుసుల పట్టీని చదువవలెను. గ్రుడ్డు తగిలిన గిన్నెను, గరిటెను సబ్బుతో కడుగక వారి వంటకు వాడరాదు.