‘ఇమేజ్ క్రెడిట్: గూగుల్’ అని రాస్తే సరిపోతుందా?

మొబైల్ రివ్యూల కింద, యూట్యూబ్ డిస్క్రిప్షన్లలో ‘ఇమేజ్ క్రెడిట్: గూగుల్’ అనే లైన్ మీరు చాలాసార్లు చూసుంటారు. రాసినవాళ్లు మోసం చేద్దామని రాయరు. ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పేశాం కదా, ఇక ప్రాబ్లం లేదు అనుకుంటారు. కానీ ఆ ఫోటో గూగుల్ తీయలేదు, ఎక్కడుందో చూపించిందంతే. దారి చెప్పినాయనకి థ్యాంక్స్ చెప్పి, ఇంటి ఓనర్‌ని అడక్కుండా లోపలికెళ్లి కూర్చుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

క్రెడిట్ వేరు, పర్మిషన్ వేరు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

కోడింగ్ చేసేవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. గిట్‌హబ్‌లో మంచి ప్రాజెక్ట్ కనిపించింది, కానీ లైసెన్స్ ఫైల్ లేదు. ఆ కోడ్ తీసుకుని కంపెనీ ప్రాడక్ట్‌లో పెడతానంటే ఏ టీమ్ లీడ్ అయినా ఆపేస్తాడు. లైసెన్స్ లేదంటే ఫ్రీ అని కాదు, హక్కులన్నీ రాసినవాళ్ల దగ్గరే ఉన్నాయని. ఫోటో విషయంలోనూ లెక్క ఇదే. రైట్ క్లిక్‌లో ‘సేవ్ ఇమేజ్’ ఆప్షన్ ఉండటం బ్రౌజర్ ఇచ్చిన సౌకర్యం, ఓనర్ ఇచ్చిన పర్మిషన్ కాదు.

మన దగ్గర దీనికి మూలం 1957 నాటి కాపీరైట్ చట్టం. ఫోటో తీసిన క్షణమే కాపీరైట్ వచ్చేస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వాటర్‌మార్క్ లేకపోయినా హక్కు పోదు. 2012 సవరణ తర్వాత ఫోటోలకి కూడా తీసినవాళ్ల జీవితకాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు రక్షణ ఉంది. ‘అమెరికా వాడి ఫోటో, ఇక్కడ మనల్ని ఎవరడుగుతారు’ అనుకోవడానికీ లేదు. బెర్న్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి కాబట్టి వాళ్ల ఫోటోకి ఇక్కడా రక్షణ ఉంటుంది.

మరి ఓనర్ ఎవరు? మామూలుగా ఫోటో తీసినవాళ్లే. ఉద్యోగంలో భాగంగా తీస్తే కంపెనీ, డబ్బులిచ్చి తీయించుకుంటే తీయించుకున్నవాళ్లు, వేరే అగ్రిమెంట్ ఏదీ లేకపోతే. అంటే ఇన్‌స్టాలో వాల్‌పేపర్లు రీపోస్ట్ చేసే పేజీని అడిగి ‘ఓకే బ్రో’ అనిపించుకుంటే లాభం లేదు, ఆ పేజీకే హక్కు లేదు. లీకైన ఫోన్ల రెండర్లు కూడా ఎవరో సిస్టమ్ ముందు కూర్చుని త్రీడీలో తయారు చేసినవే. లీక్ అయింది డిజైన్, బొమ్మ మాత్రం వాళ్లది.

వాల్‌పేపర్ అంటే గుర్తొచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో ఆ పచ్చటి కొండ, నీలి ఆకాశం గుర్తుందా? చార్లెస్ ఓ'రియర్ అనే ఫోటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలో తీశాడు. మైక్రోసాఫ్ట్ 2000లో దాని పూర్తి హక్కులు కొనుక్కుంది. మనకి ఫ్రీగా వచ్చినట్టు కనిపించే ఫోటో వెనక కూడా ఒక కొనుగోలు ఉంది.

‘మరి రివ్యూ కోసం వాడుకోవచ్చు కదా, ఫెయిర్ యూజ్ ఉంది కదా’ అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఫెయిర్ యూజ్ అమెరికా మాట. మన చట్టంలో ఉన్నది ఫెయిర్ డీలింగ్, సెక్షన్ 52. సొంత వాడకం, రీసెర్చ్, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన వార్తల రిపోర్టింగ్ లాంటి వాటికి కొంత మినహాయింపు ఇస్తుంది. అయితే సమీక్ష దేని మీద? ‘ఆ కృతి మీద గానీ వేరే కృతి మీద గానీ’ అనే అర్థంలో చట్టం మాట్లాడుతుంది. కృతి అంటే పుస్తకం, ఫోటో, సినిమా, సాఫ్ట్‌వేర్ లాంటివి. చేతిలో ఉన్న హ్యాండ్‌సెట్ కృతి కాదు. అందుకే ఫోన్ రివ్యూ అందంగా కనిపించడానికి ఇంకో రివ్యూయర్ తీసిన ఫోటో పెట్టి ‘ఇది సమీక్షే కదా’ అంటే ఆ వాదన నిలబడటం కష్టమని నా అభిప్రాయం.

అదే ఫోటోనే విమర్శిస్తే కథ వేరు. 2016లో హువావే తన పీ9 కెమెరాని పొగుడుతూ ఒక ఫోటో పోస్ట్ చేసింది. దాని ఎక్సిఫ్ డేటా తెరిచి చూస్తే కెనాన్ 5డి మార్క్ 3తో తీసినట్టు బయటపడింది. కంపెనీ సారీ చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటప్పుడు ‘చూడండి, ఇదీ ఆ ఫోటో, ఇదీ అందులో తేడా’ అని ఆ ఫోటోనే చూపించకుండా విమర్శ ఎలా రాస్తాం? ఫెయిర్ డీలింగ్ ఉన్నది సరిగ్గా ఇలాంటి వాటికోసమే.

2018లో ఇంకో కేసు నాకు మరీ ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది. గెలాక్సీ ఏ8 స్టార్ పోర్ట్రెయిట్ మోడ్ శాంపిల్ అంటూ శాంసంగ్ మలేషియా సైట్‌లో ఒక ఫోటో పెట్టింది. అది సెర్బియాకి చెందిన ఒక ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో. ఆమె దాన్ని స్టాక్ ఫోటోగా ఐఎమ్‌లో అమ్మకానికి పెట్టింది. అంటే అక్కడ కాపీరైట్ గొడవ లేదు, లైసెన్స్ కొన్నారు. అయినా తప్పే, ఎందుకంటే ఆ ఫోటోని ఆ ఫోన్ తీయలేదు. గాడ్జెట్ల ఫీల్డ్‌లో ఫోటోకి ఈ అదనపు బాధ్యత ఉంది. వంట వీడియోలో వేరేవాళ్ల టమాటా ఫోటో పెడితే నష్టం ఫోటోగ్రాఫర్‌కే. కెమెరా శాంపిల్ ప్లేస్‌లో వేరే ఫోటో పెడితే, అది చూసి కొన్నవాళ్లకి కూడా.

నాకే జరిగింది చెప్తాను. ఒక మిడ్‌రేంజ్ ఫోన్ రివ్యూ కోసం ట్యాంక్‌బండ్ మీద నుంచి రాత్రిపూట హుస్సేన్‌సాగర్ బుద్ధుడిని తీశాను. ట్రైపాడ్ లేదు, గాలి, వెనక ట్రాఫిక్. ఓ ముప్పై నలభై తీస్తే ఒకటి కుదిరింది. (విగ్రహం చెక్కినవాళ్ల పర్మిషన్ వద్దా అంటే, పబ్లిక్ ప్లేస్‌లో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫోటో తీసి ప్రచురించడానికి సెక్షన్ 52 ఒప్పుకుంటుంది.) కొన్ని నెలల తర్వాత ఒక యూట్యూబ్ ఛానెల్‌లో అదే ఫోటో, మూలన నా వాటర్‌మార్క్ లేకుండా క్రాప్ చేసి, వేరే కంపెనీ ఫోన్ శాంపిల్‌గా కనిపించింది. ‘నైట్ మోడ్ అదిరిపోయింది’ అంటున్నారు. మెసేజ్ పెడితే, ‘నెట్‌లో ఉంది కదా బ్రో, తీసుకున్నాం. కావాలంటే డిస్క్రిప్షన్‌లో నీ పేరు వేస్తాం’ అని రిప్లై. పేరు వేస్తే ఇంకా ఘోరం, ఆ ఫోన్‌తో నేనే తీశానని అయిపోతుంది! కామెంట్లలో ఒకతను ‘ఈ శాంపిల్ చూసే ఆర్డర్ పెట్టేశా అన్నా’ అని రాశాడు. నాకు కోపం వచ్చింది నా ఫోటో గురించి కాదు, ఆ కామెంట్ చూసి.

వాటర్‌మార్క్ సంగతి కూడా చెప్పాలి. హక్కు ఎవరిదో తెలిపే సమాచారాన్ని పర్మిషన్ లేకుండా కావాలని తీసేయడం సెక్షన్ 65బి కింద విడిగా నేరం, రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అసలు కాపీరైట్ ఉల్లంఘనకి సెక్షన్ 63లో ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే కోర్టు తగ్గించొచ్చు. ప్రాక్టికల్‌గా మీకు ముందు తగిలేది మాత్రం యూట్యూబ్ స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోయినట్టే.

పర్మిషన్ అడగడం మనం అనుకున్నంత కష్టం కాదు. ఏ ఫోటో, ఎక్కడ వాడతారు, యాడ్స్ మీద డబ్బులు వస్తాయా, క్రాప్ లాంటి మార్పులు చేస్తారా, ఎంతకాలం ఉంచుతారు, ఇవి మెయిల్‌లో క్లియర్‌గా రాయండి. లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలని చట్టమే చెప్తుంది, కాబట్టి ఫోన్‌లో ‘సరే’ అన్నా తర్వాత ఒక మెయిల్ తీసుకోండి. ఇంకో చిన్న విషయం: ఎంతకాలమో రాసుకోకపోతే 5 ఏళ్లు, ఏ ప్రాంతమో రాసుకోకపోతే ఇండియా వరకే అని చట్టం లెక్కేస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టేదానికి ఇండియా వరకే అంటే కుదరదు కదా, అందుకే అది కూడా రాయించుకోండి.

అడగక్కర్లేని ఫోటోలు కూడా బోలెడు. గూగుల్ ఇమేజెస్‌లో టూల్స్, అందులో యూసేజ్ రైట్స్ నొక్కితే క్రియేటివ్ కామన్స్ ఫోటోలు విడిగా వస్తాయి. అసలు పేజీకి వెళ్లి లైసెన్స్ మళ్లీ చూసుకోండి. బీవై అంటే పేరు వేయాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వద్దు, యాడ్స్ వచ్చే ఛానెల్ అయితే దాని జోలికి వెళ్లకపోవడమే బెటర్. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని పబ్లిష్ చేయకూడదు, అంటే ఎర్ర బాణాలు, ఆశ్చర్యపోతున్న మొహం అతికించి థంబ్‌నెయిల్ చేయడానికి పనికిరాదు. ఎస్‌ఏ మన జీపీఎల్‌కి చుట్టం లాంటిది, మార్చినదాన్ని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. కొత్త ఫోన్ల ఫోటోలకైతే కంపెనీల ప్రెస్ పేజీలున్నాయి, అక్కడి షరతులు ఒకసారి చదివి తీసుకోవచ్చు.

ఇక మీ ఫోటోలే వేరేవాళ్లు వాడుకుంటుంటే? గూగుల్ లెన్స్‌లో గానీ టిన్‌ఐలో గానీ అప్పుడప్పుడు వెతకండి. దొరికితే ముందు స్క్రీన్‌షాట్, తేదీతో సహా, ఆ తర్వాతే మెసేజ్. ముందే మెసేజ్ పెడితే డిలీట్ చేసి ‘మేమెప్పుడు వాడాం’ అంటారు. ఒరిజినల్ ఫైల్స్ మాత్రం ఎక్సిఫ్‌తో సహా దాచుకోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఆ డేటా పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. నా ట్యాంక్‌బండ్ ఫోటో నాదేనని యూట్యూబ్ ఫామ్ నింపినప్పుడు నా దగ్గరున్న గట్టి ఆధారం ఆ ఫైలే, అందులో ఫోన్ మోడల్, టైమ్, షట్టర్ స్పీడ్ అన్నీ ఉన్నాయి. ఆ వీడియో నాలుగు రోజుల్లో తీసేశారు.