దీపం చెప్పేది ఒక్క మాటే

చాదర్‌ఘాట్ అంటే ఇవాళ మూసీ మీది వంతెన, బస్సుల రద్దీ, మలక్‌పేట దారి. నిజాం కాలంలో ఆ పేరు నదికి ఉత్తరాన కోఠి, అబిడ్స్ వైపు పెరిగిన కొత్త పట్నానికంతటికీ చెల్లేది. దానికి సొంత మునిసిపాలిటీ ఉండేది. 1933లో దాన్ని హైదరాబాదు మునిసిపాలిటీతో కలిపారు. అదే ఏడాది అబిడ్స్‌లోని చిరాగ్ అలీ గల్లీలో తంతి తపాలా ఉద్యోగి మహబూబ్ అలీ 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో సొంతంగా రేడియో కేంద్రం నడపడం మొదలుపెట్టారు. 1935 ఫిబ్రవరి 3న అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. దక్కన్ రేడియోగా పేరుపడి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి అయింది.

స్టేషన్ ఉంటే చాలదు, ఇంట్లో సెట్టు దానికి సరిగ్గా కుదరాలి. 1935లోనే అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ ఇందుకోసం ఒక చిన్న వాల్వును అమ్మకానికి పెట్టింది. మన పాత సెట్లలోనూ కనిపించిన ‘మ్యాజిక్ ఐ’ అదే. ఆకుపచ్చగా వెలిగే గుండ్రటి తెర మీద ఒక నీడ ఉంటుంది. ముల్లు తిప్పుతుంటే సిగ్నల్ బలపడేకొద్దీ ఆ నీడ సన్నబడుతుంది. బాగా సన్నబడిన చోట ఆగితే స్టేషన్ దొరికినట్టే.

అయితే ఈ దీపానికి సమాచారం అందేది వాల్యూమ్ కంట్రోల్‌కు ముందున్న భాగం నుంచి. సౌండు పూర్తిగా తగ్గించినా నీడ కదులుతూనే ఉంటుంది. స్పీకర్ తీగ తెగిపోయినా దీపానికి తెలియదు. నీడ కదులుతోంది, శబ్దం లేదు అంటే లోపం ఆ తర్వాతి భాగంలో ఉందని రిపేరు చేసేవారు పట్టేసేవారు. అంటే దీపం దేనికి కట్టి ఉందో దాని సంగతే చెబుతుంది. తొంభై ఏళ్లలో దీపాలు మారాయి గానీ ఈ సూత్రం మారలేదు.

వాల్వుల స్థానంలోకి ఎల్‌ఈడీలు వచ్చాయి. కరెంటు పారితే కొన్ని స్ఫటికాలు వెలుగుతాయని 1907లోనే హెన్రీ రౌండ్ గమనించారు. రష్యాలో ఒలెగ్ లోసెవ్ 1920లలో దాన్ని శ్రద్ధగా పరిశీలించారు. కంటికి కనిపించే ఎర్రటి ఎల్‌ఈడీని 1962లో నిక్ హోలోన్యాక్ తయారు చేశారు. చాలా కాలం చవకగా దొరికింది ఎరుపే కాబట్టి, ఎన్నో ఆంప్లిఫైయర్లలో పవర్ దీపం ఎర్రగానే ఉండేది. ప్రకాశవంతమైన నీలం 1993 దాకా రాలేదు. దాన్ని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి దక్కింది. రంగులన్నీ చేతికొచ్చాక ఎరుపు హెచ్చరికకు మిగిలింది. అందుకే పాత మైకుసెట్టు మీది ఎర్ర దీపాన్నీ, కొత్త మిక్సర్ మీది ఎర్ర దీపాన్నీ ఒకేలా చదవకూడదు.

కోఠి గుజరాతీ గల్లీ ఆంప్లిఫైయర్లకు, మైకులకు, స్పీకర్లకు పేరుపడ్డ బజారు. ఆ వ్యాపారం చాలాకాలం నడిచింది ఒక్కో మైకుకు ఒక్కో తీగ లెక్కన. ఇప్పుడు పెద్ద సభల్లో, స్టూడియోల్లో వందల మైకుల శబ్దాన్ని ఒక్క నెట్‌వర్క్ కేబులే మోస్తోంది. ఆస్ట్రేలియాలోని ఆడినేట్ కంపెనీ తెచ్చిన ‘డాంటే’ అలాంటి పద్ధతే. మామూలుగా ఒక్కో మైకు శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాలుగా కోసి, పొట్లాలు కట్టి పంపుతారు.

ఇలాంటి పెట్టెల మీద ముందు చూడాల్సింది కేబుల్ గుచ్చే చోటున్న లింకు దీపం. అది వెలిగితే రెండు చివర్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయని అర్థం. మినుకుమంటే పొట్లాలు నడుస్తున్నాయి. ఒక పొట్లం దాటడానికి పట్టే కాలం మైక్రోసెకన్లలో ఉంటుంది, కంటికి అందదు. అందుకే దీపాన్ని కావాలనే కాసేపు సాగదీసి వెలిగిస్తారు. క్లిప్ దీపం కూడా అంతే. శబ్దం హద్దు మీరింది సెకనులో వెయ్యో వంతే అయినా, మన కంటికి అందేంతసేపు వెలుగుతుంది.

తర్వాతిది సింక్ దీపం. కోలాటంలో అందరి కర్రలూ ఒకే తాళానికి తగిలినట్టు, పెట్టెలన్నీ ఒకే గడియారాన్ని అనుసరించాలి. ఒక పెట్టె నాయకత్వం వహిస్తుంది, మిగతావి దానితో మైక్రోసెకను స్థాయిలో సరిచూసుకుంటాయి. డాంటే వాడే 2002 నాటి ఐఈఈఈ 1588 ప్రమాణం చేసేది ఈ పనే. గడియారం తప్పితే టిక్కుటిక్కుమనే శబ్దాలు రావచ్చు, లేదా పెట్టె తనంతట తానే మూగబోవచ్చు.

తిప్పే గుండీ స్వభావం కూడా మారింది. పాత వాల్యూమ్ గుండీ ఎక్కడ ఆగిందో సౌండు అక్కడే ఉండేది. నెట్‌వర్క్ పరికరాల్లో చాలా గుండీలకు మొదలూ చివరా లేవు, ఎంతసేపైనా తిరుగుతాయి. హాలు అవతలి నుంచి ఎవరో ఫోన్‌లో సౌండు తగ్గించవచ్చు, అయినా ఇక్కడి గుండీ కదలదు. అందుకే దాని చుట్టూ దీపాల వలయం పెట్టారు. అసలు స్థాయి చెప్పేది ఆ వలయమే.

శబ్దం రాకపోతే వరుసగా చూసుకుంటూ రావాలి: పవర్, లింకు, సింక్, సిగ్నల్, మ్యూట్. ఏ దీపం దగ్గర వరుస తెగిందో లోపం అక్కడే. లింకు రాకపోతే కేబుల్ పొడవు కూడా కొలవాలి, రాగి తీగకు 100 మీటర్లే హద్దు. అన్నీ పచ్చగా ఉండి కూడా స్పీకర్ పలకకపోతే, ఆ మైకును ఆ స్పీకర్‌కు సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ కలిపి ఉండకపోవచ్చు. చాలా పెట్టెల మీద దానికి దీపమే లేదు. అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం, కంప్యూటర్ తెరిచి కలపడం తప్ప వేరే దారి లేదు.